తొలి వాయుసేనాధిపతి ఎవరు? క్విజ్ జవాబుకు ఒక సవరణ, మ్యూజియానికి ఒక విన్నపం

సంపాదకులు గారికి,

నమస్కారములు. అక్టోబరు 8 వాయుసేన దినోత్సవం సందర్భంగా మీరు విద్యార్థుల పేజీలో ప్రచురించిన క్విజ్‌లో, భారత వాయుసేనకు తొలి అధిపతి ఎవరన్న ప్రశ్నకు ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ అని జవాబు ఇచ్చారు. ముఖర్జీ గారు ఆ పదవిని చేపట్టిన తొలి భారతీయుడు. ఆయన బాధ్యతలు స్వీకరించినది 1954 ఏప్రిల్ 1న. 1947 ఆగస్టు 15 నుంచి ఆ రోజు వరకు స్వతంత్ర భారత వాయుసేనకు వరుసగా ముగ్గురు బ్రిటిష్ అధికారులు నాయకత్వం వహించారు. వారిలో మొదటివారు ఎయిర్ మార్షల్ సర్ థామస్ ఎల్మ్‌హర్స్ట్. ఆయన తరువాత 1950 ఫిబ్రవరిలో సర్ రోనాల్డ్ ఐవ్‌లా-చాప్‌మన్, 1951 డిసెంబరులో సర్ జెరాల్డ్ గిబ్స్ వచ్చారు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు మీ పేజీని కత్తిరించి దాచుకుంటారు గనుక, వచ్చే వారం అదే పేజీలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

సవరణ కోసమే అయితే పోస్టుకార్డు సరిపోయేది. ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం ఎల్మ్‌హర్స్ట్ ఉద్యోగ జీవితమే. యుద్ధాల చరిత్రలో శత్రు విమానాలను కూల్చినవారి పేర్లు నిలుస్తాయి. ఆ విమానాలకు వేళకు పెట్రోలు, టైర్లు, తూటాలు, మనుషులకు మంచినీళ్లు అందేటట్లు చూసినవారి పేర్లు ఫైళ్లలోనే ఉండిపోతాయి. ఎల్మ్‌హర్స్ట్ రెండో కోవకు చెందినవారు. నేను విశాఖ ఓడరేవులో స్టోర్స్ విభాగంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఆయన మీద కొంత పక్షపాతం ఉందని ముందే చెప్పుకుంటున్నాను. ఇండెంటు (సామాను కోరే కాగితం) మీద సంతకం పడక, గోడౌనులో ఉన్న బేరింగు క్రేను దగ్గరకు చేరక, ఓడ బెర్తులో ఒక పూట ఎక్కువ ఆగితే ఎంత నష్టమో రేవులో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఎల్మ్‌హర్స్ట్ 1895 డిసెంబరులో యార్క్‌షైర్‌లో ఒక మతాచార్యుని ఇంట పుట్టారు. ఆ రోజుల్లో బ్రిటిష్ నౌకాదళం పన్నెండు, పదమూడేళ్ల బాలురనే కేడెట్లుగా తీసుకునేది. ఆయన కూడా ఆ వయసులోనే ఆస్బర్న్ నౌకా కళాశాలలో చేరి, తరువాత డార్ట్‌మత్‌లో చదివారు. 1915 జనవరి 24న ఉత్తర సముద్రంలో జరిగిన డాగర్ బ్యాంక్ నౌకా యుద్ధంలో ఇండామిటబుల్ అనే యుద్ధనౌక మీద మిడ్‌షిప్‌మన్‌గా, అంటే శిక్షణలో ఉన్న కుర్ర అధికారిగా పనిచేశారు. ఆ పోరులో దెబ్బతిని కదలలేకపోయిన బ్రిటిష్ అధిపతి నౌక లయన్‌ను తాళ్లతో కట్టి లాక్కుంటూ ఇంటిదారి పట్టించినది ఈ ఇండామిటబులే. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. అదే సంవత్సరం ఆయనను నౌక మీదనుంచి దించి గాలి ఓడల శిక్షణకు పంపారు. నీటి అడుగున తిరిగే జర్మన్ జలాంతర్గాములు సరకు ఓడలను ముంచివేస్తుంటే, వాటిని పైనుంచి కనిపెట్టే ఉపాయం కోసం నౌకాదళం వెతుకుతున్న కాలమది.

ఈ గాలి ఓడల సంగతి విశాఖ పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే దీనికీ మన బీచ్ రోడ్డుకూ సంబంధం ఉంది. ఎస్ఎస్‌జెడ్ రకం గాలి ఓడ అంటే సుమారు 44 మీటర్ల పొడవున హైడ్రోజన్ నింపిన సంచి, దాని కింద పడవ ఆకారంలో వేలాడే తొట్టి, ఆ తొట్టిలో ముగ్గురు మనుషులు, వెనుక 75 అశ్వశక్తి రోల్స్ రాయిస్ హాక్ ఇంజను. ముందు కూర్చున్నవాడు వైర్‌లెస్ చూసుకుంటాడు, మధ్యలో పైలట్, వెనుక ఇంజనీరు. విమానం గాలిలో ఒకచోట నిలవలేదు. గాలి ఓడ ఇంజను తగ్గించుకుని, ఓడల వరుసకు తోడుగా, వాటి నడకతోనే గంటల తరబడి సాగిపోగలదు. పైనుంచి చూసేవారికి నీటిలో పెరిస్కోపు గీసే తెల్లని చార కనిపిస్తే చాలు, వైర్‌లెస్‌లో దగ్గరి యుద్ధనౌకకు కబురు వెళ్లేది. జలాంతర్గామిని ముంచడం కన్నా దానిని తల ఎత్తనివ్వకపోవడమే వాటి వల్ల జరిగిన పెద్ద మేలు. 1918 ఏప్రిల్ 1న నౌకాదళపు వైమానిక విభాగాన్ని, స్థలసేన వైమానిక విభాగాన్ని కలిపి రాయల్ ఎయిర్ ఫోర్స్ ఏర్పాటు చేసినప్పుడు ఎల్మ్‌హర్స్ట్ కొత్త దళంలోకి వచ్చారు. వేల్స్ తీరాన ఆంగ్లెసీ ద్వీపంలోని గాలి ఓడల స్థావరానికి అధిపతి అయ్యేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు.

ఆ వయసుకు తగిన అల్లరి కూడా ఒకటి చేశారు. యుద్ధం ముగిసిందన్న వార్త వచ్చిన 1918 నవంబరు 11న ఆయన తన గాలి ఓడను మెనాయ్ వంతెన కిందనుంచి నడిపించారు. 1826లో కట్టిన ఆ వేలాడే వంతెన దారిపట్టీకి, కింద ఉన్న సముద్రపు పాయకు మధ్య ఎడం సుమారు ముప్పై మీటర్లు. సంచి, తొట్టి కలిపి గాలి ఓడ ఎత్తు అందులో దాదాపు సగం. జీవితాంతం లెక్కలు చూసుకుని అడుగు వేసిన మనిషి చేసిన దుడుకు పనిగా నాకు తెలిసినది ఇదొక్కటే. అయితే అది కూడా ఎత్తు లెక్క చూసుకున్నాకే చేసి ఉంటారని నా అనుమానం.

గాలి ఓడల కాలం ముగిశాక ఆయన విమానం నడపడం నేర్చుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు టర్కీలో బ్రిటిష్ రాయబార కార్యాలయంలో వైమానిక ప్రతినిధిగా పనిచేశారు. ఆ సంవత్సరాలను ఇంతటితో వదిలి 1942కు వస్తాను.

1942 అనగానే విశాఖవాసులకు గుర్తుకు వచ్చేది ఏప్రిల్ 6. ఆ రోజు ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని బండ్ల మీద, కాలినడకన పల్లెలకు తరలిపోయిన సంగతి పాతతరం వారి నోట విననివారు ఇక్కడ అరుదు. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అప్పట్లో స్వచ్ఛంద వైమానికులతో ఏర్పాటు చేసిన తీర రక్షణ దళాలలో ఒకటి విశాఖలోనే ఉండేది. అయితే అటువంటి దళాలకు దక్కినవి వాపిటి వంటి కాలం చెల్లిన రెండు రెక్కల విమానాలు. బ్రిటిష్ వారి మంచి విమానాలు, వాటి సామగ్రి ముందుగా ఐరోపాకు, ఉత్తర ఆఫ్రికాకు వెళ్లేవి. మన తీరం వంతు ఆ తరువాతది. ఎల్మ్‌హర్స్ట్ పేరు తెచ్చుకున్నది ఆ ఉత్తర ఆఫ్రికాలోనే. మన రేవు మీద బాంబులు పడిన ఏడాదిలో ఆయన పశ్చిమ ఎడారిలోని వాయుసేనకు పరిపాలనాధికారిగా, దాని అధిపతి ఎయిర్ వైస్ మార్షల్ ఆర్థర్ కానింగ్‌హామ్‌కు కుడిభుజంగా పనిచేస్తున్నారు. ఇది విశాఖవాసిగా నాకు రుచించే వరుస కాదు, కానీ జరిగినది అది.

ఎడారిలో ఆయన చేసిన పని ఇది. 1942 అక్టోబరు 23న ఎల్ అలమైన్‌లో మొదలైన పోరు తరువాత బ్రిటిష్ ఎనిమిదవ సైన్యం సరిగ్గా మూడు నెలలకు, 1943 జనవరి 23న ట్రిపోలీ చేరింది. ఆ దూరం రెండు వేల కిలోమీటర్ల పైమాటే. సైన్యం ముందుకు పోతున్నకొద్దీ యుద్ధ విమానాలు దిగేందుకు సైన్యానికి దగ్గరలో కొత్త మైదానాలు కావాలి, లేకపోతే రానుపోను దూరానికే పెట్రోలు అయిపోయి యుద్ధం చేసేందుకు మిగలదు. మైదానం చదును చేసినంత మాత్రాన అది పని చేయదు. అక్కడ పెట్రోలు పీపాలు ఉండాలి, తూటాలు ఉండాలి, ఇంజను విప్పి బిగించే ఫిట్టర్లు ఉండాలి, వారికి తిండి, మంచినీళ్లు ఉండాలి, వైర్‌లెస్ ఉండాలి. ఎల్మ్‌హర్స్ట్ ప్రతి స్క్వాడ్రన్ (విమాన దళం) నేల సిబ్బందినీ రెండు జట్లుగా విడగొట్టే పద్ధతిని నడిపించారు. ఒక జట్టు పాత మైదానంలో విమానాలను ఎగరవేస్తూ ఉండగానే రెండో జట్టు లారీల మీద కొత్త మైదానానికి చేరి అంతా సిద్ధం చేస్తుంది. ఉదయం పాత చోటు నుంచి లేచిన విమానం పని ముగించుకుని కొత్త చోట దిగుతుంది. అప్పుడు వెనుక ఉన్న జట్టు సామాను ఎత్తుకుని, ముందున్న జట్టును దాటి, మూడో మైదానానికి పోతుంది. చెప్పుకోవడానికి తేలికే. ఏ లారీలో ఏ సామాను ముందు ఎక్కించాలి, ఏది చివర దించాలి, దారిలో ఒక లారీ ఇసుకలో దిగబడితే దానిలోని సామాను మరెవరి దగ్గర అదనంగా ఉందో ఎవరికి తెలుస్తుంది అన్న ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టుకోకపోతే మొదటి రోజే అంతా తలకిందులవుతుంది. ఎదుటి పక్షాన జర్మన్ సేనాని రొమ్మెల్ సైన్యం పెట్రోలు అందక ఎలా కొట్టుమిట్టాడిందో అందరూ రాశారు. ఈ పక్షాన పెట్రోలు ఎలా అందిందో రాసినవారు తక్కువ.

అనుభవం గట్టిపడ్డాక ఆయన 1944లో నార్మండీ దండయాత్ర తరువాత ఐరోపా నేల మీద పనిచేసిన బ్రిటిష్ వాయుసేనకూ ఇదే బాధ్యత వహించారు. యుద్ధానంతరం లండన్‌లో వాయుసేన ప్రధాన కార్యాలయంలో గూఢచార విభాగాన్ని చూసే సహాయ సేనాధిపతి అయ్యారు. అక్కడి నుంచి 1947లో భారతదేశం వచ్చి, కొద్ది నెలలకే ఆగస్టు 15న రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్‌కు అధిపతి అయ్యారు.

అప్పటివరకు మన దేశంలోని మూడు సేనలూ ఒకే సర్వ సైన్యాధ్యక్షుని కింద ఉండేవి. ఆ అధ్యక్షుడు ఎప్పుడూ స్థలసేన వాడే. వాయుసేన స్థలసేన అదుపులో కాక, తన సొంత అధిపతితో, సొంత కార్యాలయంతో ప్రత్యేక సేనగా నిలవాలని ఎల్మ్‌హర్స్ట్ పట్టుబట్టారు. ఆయన చేసిన మేలు ఒక్కటే చెప్పమంటే నేను దీనినే చెబుతాను. అప్పుడు ఆ సేన చేతిలో ఉన్నది ఏమిటో కూడా చూడాలి. విభజనలో స్క్వాడ్రన్లు పంచుకోవలసి వచ్చింది. కరాచీ, పెషావరు, కోహాట్, రిసాల్పూర్, లాహోరు వంటి పాత స్థావరాలు, వాటితోపాటు మరమ్మతు వసతులు అటువైపు పోయాయి. 1932లో సేన పుట్టినప్పుడు కమిషన్ పొందిన తొలి జట్టులోని సుబ్రతో ముఖర్జీయే భారతీయ అధికారులలో అందరికన్నా సీనియరు. 1947లో ఆయన వయసు 36. ఎల్మ్‌హర్స్ట్ ఆయనను తన డిప్యూటీగా పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మూడు నెలలు తిరగకుండానే కాశ్మీరు సంక్షోభం వచ్చిపడింది. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి డకోటా రవాణా విమానాలు సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియన్ జవాన్లను ఎక్కించుకుని శ్రీనగర్‌కు బయలుదేరాయి. వాయుసేన డకోటాలు చాలక పౌర విమాన కంపెనీల నుంచీ తీసుకున్నారు. ఇక్కడ చిత్రమైన పరిస్థితి ఏమిటంటే, అవతల పాకిస్తాన్ వాయుసేనకు అధిపతిగా ఉన్న అలన్ పెర్రీ-కీన్ కూడా రాయల్ ఎయిర్ ఫోర్స్ అధికారే. ఒకే దళానికి చెందిన ఇద్దరు అధికారులు ఎదురెదురు పక్షాలలో ఉన్నారు. తమ అధికారులెవరూ పోరులో పాల్గొనరాదని బ్రిటిష్ ప్రభుత్వపు ఆదేశం ఉంది. కనుక కాశ్మీరులో విమానాలు నడిపినది, నడిపించినది భారతీయ అధికారులు. పూంఛ్‌లో చిన్నపాటి నేల మీద డకోటాలను దించి, 1948 మే నెలలో జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని హిమాలయాల మీదుగా లేహ్‌లో దిగిన మెహర్ సింగ్ పేరు అందరికీ తెలుసు. ఎల్మ్‌హర్స్ట్ చేయవలసినది, చేయగలిగినది ఒకటే: ఢిల్లీలో కూర్చుని విమానాలు, విడిభాగాలు, మనుషులు అందేలా చూడటం. ఎడారిలో ఆయన చేసిన పని కూడా అదే కదా.

ఆ మరుసటి సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగినప్పుడు కూడా ఆయనే అధిపతి. అప్పటికి నెలల తరబడి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి విమానాలలో బీదరుకు, వరంగల్‌కు నిజాం కోసం ఆయుధాలు చేరవేస్తున్నాడు. చర్య మొదలైన సెప్టెంబరు 13న మన వాయుసేన టెంపెస్టు యుద్ధ విమానాలు సైన్యానికి అండగా ఎగిరాయి. ఈ అధ్యాయం తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

తెల్లదొరను ఇప్పుడెందుకు మోయాలని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. స్థలసేనకు 1949 జనవరిలోనే కరియప్ప అధిపతి అయ్యారు. వాయుసేనకు 1954 దాకా, నౌకాసేనకు 1958లో కటారి వచ్చేదాకా బ్రిటిష్ అధికారులే ఉన్నారు. అంతకాలం అవసరమా అన్న అసంతృప్తి ఆనాటి భారతీయ అధికారులలో ఉన్నదంటే తప్పు పట్టలేము. పోరు జరుగుతున్నప్పుడు సేనాధిపతి తన దేశపు ఆదేశానికి కట్టుబడి పక్కకు తప్పుకోవలసి రావడం ఏ సేనకైనా ఇబ్బందే. ఇవన్నీ ఒప్పుకుంటూనే, జరిగినదానిని జరిగినట్టు రాయాలన్నది నా మాట. ఆయనను ఉంచుకున్నది మన ప్రభుత్వం. ఆయన దగ్గర పని నేర్చుకున్నవారే తరువాత ఆయన కుర్చీలో కూర్చున్నారు. 1949లో బెంగళూరు జాలహళ్లిలో వాయుసేన సాంకేతిక కళాశాల మొదలైనది ఆయన హయాంలోనే. విమానం ఎగరవేసేవారికి పేరు వస్తుంది, విమానం విప్పి బిగించేవారిని తయారుచేసే బడి ముందుగా కావాలి అన్నది ఎడారి నేర్పిన పాఠమే అయి ఉండాలి.

ఆయన అన్నగారు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అంతకు పాతికేళ్ల క్రితమే ఇక్కడికి వచ్చి, 1922లో రవీంద్రనాథ్ టాగూరుతో కలిసి శాంతినికేతన్ పక్కన శ్రీనికేతన్ గ్రామోద్ధరణ కేంద్రాన్ని నడిపించినవారు. టాగూరు మన ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చి ఉపన్యసించినది 1933లో, రాధాకృష్ణన్ గారు దానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నప్పుడు. ఒక అన్న పల్లెల్లో ఎరువు గుంతలు, మలేరియా నివారణ చూసుకుంటే తమ్ముడు వైమానిక స్థావరాల్లో పెట్రోలు పీపాలు చూసుకున్నాడు. ఇంటి పెంపకమేమో, ఇద్దరిదీ పనికి వచ్చే పనే.

ఇక మన బీచ్ రోడ్డు సంగతి. యుద్ధం ముగిశాక అమెరికా నుంచి అద్దె పద్ధతిలో వచ్చిన లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎగరకుండా పాడుచేసి కాన్పూరులో వదిలేశారు. హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు ఆ పాడుబడ్డ విమానాలను ఒక్కొక్కటిగా బాగుచేసి ఎగిరే స్థితికి తెచ్చారు; వాటితో 1948 చివరిలో, ఎల్మ్‌హర్స్ట్ కాలంలోనే, బాంబర్ స్క్వాడ్రన్ ఏర్పడింది. తరువాత 1951లో తిరిగి ఏర్పడిన ఆరవ స్క్వాడ్రన్ ఆ లిబరేటర్లనే సముద్రం మీద గస్తీకి వాడింది, వాటి తరువాత సూపర్ కాన్‌స్టలేషన్ అనే విమానాలను తెచ్చుకుంది. 1976లో ఆ సముద్ర గస్తీ పనిని, సూపర్ కాన్‌స్టలేషన్లను వాయుసేన నుంచి నౌకాసేనకు అప్పగించారు. వాటి స్థానంలో 1988లో వచ్చినవే టీయూ-142లు. ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి 2017లో విరమించిన ఆ విమానాలలో ఒకటి ఇప్పుడు మన ఆర్కే బీచ్‌లో, రోడ్డుకు ఆవలివైపు ఇసుకలో నిలిపిన కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉంది. వేటాడేది, వేటాడబడేది రోడ్డుకు చెరోవైపున నిలిచిన చోటు మరొకటి ఉంటుందని నేను అనుకోను.

ఆ విమానంలోకి వెళ్లిన పిల్లలు చూసేది నాలుగు ఇంజన్లకు రెండేసి చొప్పున ఎనిమిది ప్రొపెల్లర్లు, నీటి అడుగు చప్పుడు వినేందుకు సముద్రంలోకి జారవిడిచే సోనోబాయ్ గొట్టాలు, గంటల తరబడి కూర్చునే ఇరుకైన సీట్లు. దాని పొడవు 53 మీటర్లు. ఎల్మ్‌హర్స్ట్ గాలి ఓడ కన్నా తొమ్మిది మీటర్లు మాత్రమే ఎక్కువ. పెరిస్కోపు గీసిన తెల్లని చార కోసం తొట్టిలోంచి తొంగిచూసిన ముగ్గురు చేసిన పని, ఈ విమానంలోని సిబ్బంది నీటి అడుగు చప్పుడు విని చేసిన పని ఒకటే. ఆ గాలి ఓడ నడిపినవాడే తరువాత మన వాయుసేనకు మొదటి అధిపతి అయ్యాడని చెప్పే వాక్యం అక్కడ ఒకటి ఉండటం న్యాయమని నా అభిప్రాయం.

కనుక ఈ ఉత్తరం ద్వారా విశాఖపట్నం మహానగర ప్రాంతీయ అభివృద్ధి సంస్థ వారికి, తూర్పు నౌకాదళ అధికారులకు నా విన్నపం: టీయూ-142 మ్యూజియంలో సముద్ర గస్తీ చరిత్రను తెలుగులో చెప్పే ఒక బోర్డు పెట్టించండి. 1915 నాటి గాలి ఓడ బొమ్మ, 1942లో ఇక్కడి తీర రక్షణ దళం సంగతి, కాన్పూరు లిబరేటర్లు, ఆరవ స్క్వాడ్రన్, 1976 బదిలీ, 1988లో టీయూ రాక, ఈ వరుస ఒక పెద్ద బోర్డుకు సరిపోతుంది. ఖర్చు కూడా పెద్దది కాదు. ప్రచురణకు ముందు తేదీలను నౌకాదళ చరిత్ర విభాగం వారితో ఒకసారి సరిచూపించుకుంటే మంచిది. అవసరమైతే తెలుగు పాఠం రాసిపెట్టడానికి, ప్రూఫులు దిద్దడానికి నేను ఉచితంగా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓడరేవు విశ్రాంత ఉద్యోగి,
పెద వాల్తేరు, విశాఖపట్నం